తిరుక్కడయూర్ షష్టిపూర్తికి వెళ్తూ తరంగంబాడిలో ఒక రాత్రి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: జనవరిలో అమ్మానాన్నలకు తిరుక్కడయూర్‌లో షష్టిపూర్తి, ఆ తర్వాత తిరునల్లార్‌లో శనీశ్వరుడి దర్శనం, ఈ రెండింటి మధ్య తమిళనాడు తీరంలోని తరంగంబాడి వెళ్లి డెన్మార్క్ వాళ్ల కోట, బీచ్ చూడాలని ఉంది. అరపూట సరిపోతుందా, పిల్లలు సముద్రంలో దిగొచ్చా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తిరగగలరా, అసలు చూడ్డానికి అక్కడ ఏముంది?

మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా కారైకాల్‌లో పదకొండేళ్లు ఉన్నాను. మా అమ్మానాన్నల షష్టిపూర్తి కూడా తిరుక్కడయూర్‌లోనే చేశాం. నవగ్రహ యాత్రకని వచ్చే మన బంధువులందరికీ తరంగంబాడి చూపించే పని నాదే కాబట్టి ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అరపూటతో సరిపెట్టొద్దు, ఒక రాత్రి ఉండండి. పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు. పెద్దవాళ్లు హాయిగా తిరగగలరు, ఒక్క కోట పైఅంతస్తు తప్ప. ఇక వివరంగా.

రాత్రి ఎందుకు ఉండమంటున్నానంటే, అక్కడికి వచ్చే మనవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే. తిరుక్కడయూర్‌లో పూజ అయిపోయి భోజనాలు చేసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. అక్కణ్నుంచి తరంగంబాడి ఏడెనిమిది కిలోమీటర్లే. టెంపో ట్రావెలర్ నేరుగా కోట ముందు ఆగుతుంది. నడినెత్తిన ఎండ, పట్టుచీరలు, కడుపు నిండా భోజనం. అరగంటలో నాలుగు ఫోటోలు దిగి, 'ఏముంది ఇక్కడ, పాత గోడలు తప్ప' అనుకుంటూ బండెక్కేస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఆ వేళకి ఆ ఊరు అలాగే కనిపిస్తుంది. అదే ఊళ్లో సాయంత్రం నాలుగున్నరకి నడక మొదలుపెట్టి, రాత్రి అలల చప్పుడు వింటూ పడుకుని, పొద్దున్నే ఆరుంపావుకి ఒడ్డుకి వచ్చి కూర్చుంటే వేరే ఊరికి వచ్చినట్టుంటుంది. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు నేరుగా సముద్రంలోంచి పైకి వస్తాడు. ఆ తొలి వెలుగు పడేది కోట తూర్పు ముఖం మీదే. లేత పసుపు గోడ కాసేపు నారింజ రంగుకి తిరుగుతుంది. ఆ పావుగంట చూడకపోతే తరంగంబాడి చూసినట్టు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

రోజు ఎంచుకోవడంలో రెండు జాగ్రత్తలు. కోట లోపలి మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ సంగతి తెలియక ఒకసారి మా మేనత్త కుటుంబాన్ని శుక్రవారం తీసుకెళ్లి, మూసిన తలుపు చూపించి వెనక్కి తెచ్చాను. ఆవిడ మళ్లీ అంత దూరం రాలేకపోయారు. ఇప్పటికీ నాకది బాధే. ఇక శనివారం తిరునల్లార్‌లో జనం విపరీతంగా ఉంటారు, పెద్దవాళ్లతో ఆ క్యూలో నిలబడటం చాలా కష్టం. కాబట్టి ఆదివారం నుంచి గురువారం మధ్యలో పడేట్టు చూసుకోండి. జనవరి అన్నారు కాబట్టి ఇంకో మాట. పొంగల్ సెలవుల్లో, ముఖ్యంగా పండగ నాలుగో రోజైన కానుమ్ పొంగల్ నాడు, చుట్టుపక్కల ఊళ్లన్నీ బీచ్‌కే తరలివస్తాయి. పండగ సందడి చూడాలనుకుంటే సరే, ప్రశాంతత కావాలంటే మాత్రం ఆ నాలుగు రోజులు వదిలేయండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపానులు. జనవరి మొదటి వారంలో కూడా ఒక్కోసారి వాన పడుతుంది. పొంగల్ తర్వాత నుంచి ఫిబ్రవరి చివరిదాకా అన్నిటికంటే మంచి కాలం.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. చెన్నై ఎగ్మూరు నుంచి మయిలాడుతురై జంక్షన్‌కి రైలుంది, అక్కణ్నుంచి కారులో ముప్పై కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు మయిలాడుతురై నుంచి తరంగంబాడి దాకా మీటర్ గేజ్ రైలు నడిచేది, అది మూతపడి చాలా ఏళ్లయింది. చెన్నై నుంచి కారులో అయితే పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం, శీర్కాళి మీదుగా సుమారు 280 కిలోమీటర్లు. చిదంబరంలో నటరాజస్వామిని చూసుకుని రావచ్చు. ఉండటానికి కోట పక్కనే, సముద్రానికి ఎదురుగా, బ్రిటిష్ కాలం నాటి కలెక్టర్ బంగళాలో హెరిటేజ్ హోటల్ ఉంది. గదులు తక్కువ, కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. ఖర్చు ఎక్కువ అనిపిస్తే పెద్దవాళ్లకి ఒక గది అక్కడ తీసుకుని, మిగతావాళ్లు పొరయార్‌లోనో కారైకాల్‌లోనో ఉండొచ్చు. పొరయార్ పక్కనే ఉన్న టౌన్. మందుల షాపు, ఏటీఎం, టిఫిన్ హోటళ్లు అన్నిటికీ అక్కడికే వెళ్లాలి. తరంగంబాడిలో సాయంత్రం అయ్యాక పెద్దగా ఏమీ దొరకదు. మీ అమ్మగారికి తమిళనాడు సాంబారు సయించకపోతే కందిపొడి, ఊరగాయ, నెయ్యి వెంట పెట్టుకోండి. వేడి అన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక సముద్రం. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఏమనుకోకండి.

కొన్నేళ్ల కిందట మా పిన్ని మనవడు, పద్నాలుగేళ్ల కుర్రాడు, మాతో వచ్చాడు. కోట దగ్గర ఒడ్డు పొడవునా పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చి ఉంటాయి. సముద్రం ఊరిని కోసుకుపోకుండా వేసిన అడ్డం అది. ఆ రాళ్ల చివరి వరసలో నిలబడి ఫోటో దిగుతానన్నాడు. అప్పటికి పది నిమిషాలుగా సముద్రం నిమ్మళంగానే ఉంది, అందుకే నేనూ వద్దనలేదు. వాడు అటు తిరిగాడో లేదో, ఒక్క కెరటం మిగతావాటికంటే రెండింతలు లేచి వచ్చింది. రాళ్ల మీద పచ్చటి పాచి ఉంటుంది, కాలు జారింది. రెండు రాళ్ల సందులో మోకాలిదాకా ఇరుక్కుపోయాడు. తర్వాతి కెరటం వాడి తల మీదుగా వెళ్లింది. మేమంతా అరుస్తున్నామే తప్ప ఎవరికీ అడుగు ముందుకు పడలేదు. కొంచెం దూరంలో వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. ఆయన వాడి చేతిని పట్టుకుని లాగలేదు. రెండు కెరటాల మధ్య ఆగి, వంగి, కాలిని మడమ దగ్గర పట్టుకుని పక్కకి తిప్పి బయటికి తీశాడు. చెయ్యి పట్టి లాగి ఉంటే ఎముక విరిగేదని తర్వాత చెప్పాడు. కారైకాల్‌లో ఏడు కుట్లు పడ్డాయి. డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. 'పిల్లాణ్ని రాళ్ల మీదికి పంపకు' అన్నాడు, అంతే.

అందుకే చెప్తున్నాను, ఆ బండరాళ్ల మీదికి ఎవ్వరినీ పంపకండి. ఇసుక ఉన్న చోట పాదాలు తడుపుకోవచ్చు, అదీ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని. అక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది. నాలుగడుగులు వేస్తే నడుము లోతు వచ్చేస్తుంది. కెరటం వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుకని తోడుకుపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పక్కనంతా కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తే అదే సురక్షితమైన చోటు అనుకుంటారు. నిజానికి ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. మనిషిని లాక్కుపోయేది అక్కడే. ఈత వచ్చినవాళ్లు కూడా దానికి ఎదురీది అలిసిపోతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలని పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, ఏ ఊరి సముద్రానికైనా పనికొస్తుంది. పిల్లలు నీళ్లలో ఆడాల్సిందే అంటే హోటల్ కొలనులో ఆడించండి.

2004 డిసెంబర్ 26న వచ్చిన సునామీలో ఈ చిన్న ఊళ్లో వందల మంది పోయారు, ఎక్కువమంది మత్స్యకారుల కుటుంబాలే. ఇప్పుడు మీకు చేపలు అమ్మే ఆవిడ, పడవ పక్కన కూర్చున్న తాత, ఎవరో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లే అయి ఉంటారు. వాళ్లని ఆ సంగతి గుచ్చి గుచ్చి అడగొద్దని పిల్లలకి చెప్పండి. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి.

ఓజోన్ గురించి కూడా ఒక మాట. 'తరంగంబాడి గాలిలో ఓజోన్ ఎక్కువ, ఊపిరితిత్తులకి మంచిది' అని వీడియోల్లో తెగ చెప్తుంటారు. నమ్మకండి. నేల దగ్గర పీల్చే ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేస్తుందే తప్ప మేలు చెయ్యదు. సముద్రం ఒడ్డున వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన చాలావరకు నీళ్లలోని సూక్ష్మజీవుల నుంచి వెలువడే గంధకపు సమ్మేళనాలది. అక్కడి గాలి బాగుండటానికి కారణం ఫ్యాక్టరీలు లేకపోవడం, సముద్రం మీద నుంచి శుభ్రమైన గాలి రావడం. మీ నాన్నగారికి ఆయాసం ఉందన్నారు, ఇన్‌హేలర్ మాత్రం మర్చిపోకండి.

ఇప్పుడు కోట. దీని పేరు డాన్స్‌బోర్గ్. 1620లో కట్టారు. కట్టించినవాడు ఓవే గెడ్డె, డెన్మార్క్ నౌకాదళ అధికారి, అప్పటికి పాతికేళ్ల కుర్రాడు. అయితే లోపలికి వెళ్లేముందు మీ పిల్లలకి చెప్పాల్సిన కథ ఒకటుంది, ఎందుకంటే అందులో మన తెలుగు రాజు ఉన్నాడు.

ఆ కాలంలో తంజావూరుని ఏలుతున్నది రఘునాథ నాయకుడు. చేమకూర వెంకటకవి 'విజయవిలాసం' అంకితమిచ్చింది ఈయనకే. స్వయంగా తెలుగులో కావ్యాలు రాసినవాడు, ఆయన కొలువులో తెలుగు కవయిత్రులూ ఉన్నారు. ఈ తీరంలో అప్పటికే పోర్చుగీసు వాళ్లు, అంటే మన పాత పుస్తకాల్లో బుడతకీచులు, పాతుకుపోయి ఉన్నారు. 1616లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ హయాంలో ఒక ఈస్టిండియా కంపెనీ పెట్టారు. వాళ్లు మొదట వచ్చింది సింహళం కోసం. అక్కడ పని జరగలేదు. ముందుగా వచ్చిన వాళ్ల ఓడ ఒకదాన్ని కారైకాల్ దగ్గర పోర్చుగీసు వాళ్లు ధ్వంసం చేశారు. అందులోంచి బతికి బయటపడ్డ రోలాండ్ క్రాపే అనే వర్తకుడు తంజావూరు కొలువు చేరాడు. ఓడ పోగొట్టుకుని వచ్చిన మనిషి రాజుని ఒప్పించి, ఏడాదికి 3,111 రూపాయల కౌలు మీద ఈ పల్లెలో కోట కట్టుకునే హక్కు తమవాళ్లకి దక్కేలా చేశాడు. 1620 నవంబర్‌లో ఒప్పందం కుదిరింది. రఘునాథ నాయకుడు డెన్మార్క్ రాజుకి బంగారు రేకు మీద తమిళంలో రాయించి పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో, అక్కడి ప్రభుత్వ అభిలేఖాగారంలో భద్రంగా ఉంది. పోర్చుగీసు వాళ్లకి పోటీగా ఇంకొకరు ఉంటే మిరియాలకీ బట్టలకీ మంచి ధర వస్తుందని ఆయన ఆలోచన అయి ఉండాలి, ఇది నా ఊహ. కోట ముందు నిలబడి ఈ కథ చెప్తే పిల్లలకి ఆ గోడలు వేరేగా కనిపిస్తాయి. మా పిల్లలకి అలాగే జరిగింది.

లోపలికి వెళ్లగానే విశాలమైన ఆవరణ, చుట్టూ ప్రాకారం. సముద్రం వైపు రెండంతస్తుల ముఖ్య భవనం. కింది అంతస్తులో సరుకుల గిడ్డంగి, సైనికుల గదులు, వంటిల్లు, బీరు, వైను దాచిన గది, జైలు ఉండేవి. ఆ గదుల్లోకి వంగి వెళ్లాలి. బయట ఎంత ఎండ ఉన్నా లోపల చల్లగా, చెమ్మ వాసనతో ఉంటుంది. గోడకి చెయ్యి ఆనించి చూడండి. ఉప్పుగాలికి సున్నం పొడిపొడిగా రాలి అరచేతికి అంటుకుంటుంది, దాని వెనక నుంచి ఎర్ర ఇటుక తొంగిచూస్తుంది. పైకప్పు చదునుగా ఉండదు, ఒంటె మూపురాల్లా వంపు తిరిగి ఉంటుంది. పై హాల్లో అలాంటి నాలుగు గుమ్మటాల బరువు మధ్యలో ఒకే ఒక్క స్తంభం మీద ఆగుతుంది. ఆ స్తంభం పక్కన నిలబడి పైకి చూడమని పిల్లలకి చెప్పండి. పై అంతస్తులో గవర్నర్, మతగురువులు ఉండేవారు. ఇప్పుడు అదంతా తమిళనాడు పురావస్తు శాఖ మ్యూజియం. పింగాణీ సామాను, చైనా టీ జాడీలు, డేనిష్ పత్రాలు, కత్తులు, ఫిరంగి గుండ్లు, ఒక తిమింగలం ఎముకలు కూడా ఉన్నాయి. మెట్లు ఎక్కడం కష్టమైతే పెద్దవాళ్లని ఆవరణలోనే నీడలో కూర్చోబెట్టండి. అక్కడ గాలి బాగా వస్తుంది, వాళ్లేం పోగొట్టుకున్నట్టు కాదు. ఒక సీసాతో మంచినీళ్లు మాత్రం ఇచ్చి వెళ్లండి.

ఈ కోట గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఎస్కిల్ కోంగ్స్‌బాక్కెది. 1639 తర్వాత డెన్మార్క్ నుంచి ఇక్కడికి ఓడలు బయల్దేరడం ఆగిపోయింది. యూరప్‌లో యుద్ధాలు, దివాలా తీసిన కంపెనీ, వీళ్ల సంగతి పట్టించుకునే నాథుడు లేడు. ఒక్కొక్కరే జ్వరాలొచ్చి చనిపోయారు. 1655 నాటికి కోటలో మిగిలిన డెన్మార్క్ మనిషి ఇతనొక్కడే. పెద్ద కులీనుడేమీ కాదు, మామూలు ఉద్యోగి. వదిలేసి ఏ డచ్చి వాళ్ల దగ్గరో చేరిపోయి ఉండొచ్చు. అతను ఇక్కడి మనుషుల్నే సైనికులుగా పెట్టుకుని, బంగాళాఖాతంలో ఓడల్ని పట్టుకుని, ఆ డబ్బుతో ఊరి చుట్టూ గోడ కట్టించి, కౌలు బాకీ కోసం తంజావూరు సైన్యం ముట్టడికి వస్తే నిలబడి కాపాడాడు. 1669లో ఫేరో అనే ఓడ వచ్చేసరికి కోట మీద డెన్మార్క్ జెండా ఎగురుతూనే ఉంది. పాతికేళ్లకు పైగా సొంత దేశం నుంచి ఒక్క ఓడ రాలేదు. ప్రాకారం మీద ఫిరంగుల పక్కన నిలబడి తూర్పుకి చూస్తే ఉత్త నీళ్లే కనిపిస్తాయి కదా, అతను రోజూ పొద్దున్నే చూసిందీ అదే. నాకు అక్కడ నిలబడ్డ ప్రతిసారీ ఈ సంగతే గుర్తొస్తుంది. ఓడల్ని దోచడం మంచిపనని కాదు, అందులో మన తీరపు వర్తకులవీ పోయి ఉంటాయి. అయినా ఆ ఒంటరితనం తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

చివరికి 1845లో డెన్మార్క్ వాళ్లు తరంగంబాడినీ, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి బ్రిటిష్ వాళ్లకి అమ్మేశారు. ఆ తర్వాత రైలు నాగపట్నానికి రావడంతో వర్తకం అటు పోయింది. ఊరు అలాగే ఆగిపోయింది. వర్తకం పోవడం వల్లే పాత వీధులు మిగిలాయి.

ఆ వీధుల్లో సాయంత్రం నడవండి. ఊళ్లోకి వచ్చే దారిలో తెల్లటి పాత ద్వారం ఉంటుంది, 1792లో కట్టింది. అందులోంచి లోపలికి వస్తే కింగ్ స్ట్రీట్. రెండు పక్కలా లావుపాటి స్తంభాల ఇళ్లు, చర్చిలు, చివర్లో సముద్రం. నేల చదునుగా ఉంటుంది, ద్వారం నుంచి ఒడ్డుదాకా మెల్లగా నడిచినా పావుగంట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇదే సరైన నడక. కుడి, ఎడమ సందుల్లోకి కూడా తొంగిచూడండి. క్వీన్ స్ట్రీట్, గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ అని పేర్లు. గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో పాత తమిళ ఇళ్లని చక్కగా బాగుచేశారు. వీధి అరుగులు చూస్తే మా నెల్లూరు పాత ఇళ్లు గుర్తొస్తాయి.

చర్చిల్లో జియోన్ చర్చి 1701 నాటిది. దానికి ఎదురుగా న్యూ జెరూసలేం చర్చి, 1718లో కట్టింది. ముందు గోడ మీద కిరీటంతో డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ చిహ్నం కనిపిస్తుంది. దీన్ని కట్టించిన జర్మన్ మత ప్రచారకుడు జీగెన్‌బాల్గ్ సమాధి లోపలే ఉంది. 1706 జూలై 9న ఓడ దిగినప్పుడు ఆయనకి ఇంకా ఇరవై నాలుగు నిండలేదు. తమిళం నేర్చుకోవడానికి వీధి బడిలో పిల్లలతో పాటు ఇసుకలో అక్షరాలు దిద్దాడు. కోట అధికారితో పేచీ వచ్చి నాలుగు నెలలు అదే కోటలో ఖైదులో ఉన్నాడు. బయటికొచ్చాక అచ్చు యంత్రం తెప్పించాడు, పక్కనే పొరయార్‌లో కాగితం మిల్లు పెట్టించాడు, 1715లో బైబిల్ కొత్త నిబంధనని తమిళంలో అచ్చు వేశాడు. ముప్పై ఆరేళ్లకే చనిపోయాడు. ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మీ పిల్లల్లో ఎవరికైనా పుస్తకాలంటే ఇష్టముంటే తప్పకుండా చూపించండి.

మన తెలుగుకి కూడా ఇక్కణ్నుంచే ఒక దారి ఉంది. జీగెన్‌బాల్గ్ చనిపోయిన ఏడాదే, 1719లో, బెంజమిన్ షుల్జ్ అనే ఇంకో జర్మన్ ఈ ఊళ్లో దిగాడు. కొన్నేళ్లకి మద్రాసు వెళ్లి అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. తిరిగి జర్మనీ వెళ్లాక హాలే పట్టణంలో తెలుగు అచ్చు అక్షరాలు పోత పోయించి 1746, 1747లలో చిన్న చిన్న మత పుస్తకాలు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా మనం చెప్పుకునేవి అవే. మనం ఇప్పుడు ఫోన్‌లో టైప్ చేస్తున్న అక్షరాలు మొదటిసారి సీసంలో పోతపోసుకున్నది గోదావరి ఒడ్డునో కృష్ణ ఒడ్డునో కాదు, ఎక్కడో జర్మనీలో. అది చేయించిన మనిషి భారతదేశంలో పని మొదలుపెట్టింది ఈ ఊళ్లో. మత ప్రచారం గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది. అక్షరం మీద ప్రేమ ఉన్న ఎవరికైనా ఇది చూడాల్సిన ఊరని నా అభిప్రాయం.

కోటకి దగ్గర్లో, సరిగ్గా నీళ్ల అంచున, మాసిలామణినాథ స్వామి గుడి ఉంది. పాండ్యరాజు మారవర్మ కులశేఖరుడి కాలంలో, 14వ శతాబ్దం మొదట్లో కట్టిన శివాలయం. ఊరి పాత పేరు సడంగన్‌పాడి అని ఇక్కడి శాసనమే చెప్తుంది. తరంగంబాడి అంటే పాడే అలల ఊరు అని చెప్పేది తర్వాత వచ్చిన అందమైన అర్థం. తరంగం అన్న మాట మనకి తెలిసిందే కాబట్టి తెలుగువాళ్లకి ఇట్టే నచ్చేస్తుంది. పాత గుడి ముందు భాగాన్ని సముద్రం కొంచెం కొంచెంగా తినేసింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు విడిపోయిన రాళ్లు నీళ్లలో పడి ఉండటం చూశాను. తర్వాత గుడిని బాగుచేసి కుంభాభిషేకం చేశారు. షష్టిపూర్తి చేసుకున్న దంపతులు మర్నాడు పొద్దున ఇక్కడ దీపం పెట్టుకుంటే బాగుంటుంది. మా అమ్మ అలాగే చేసింది. సముద్రపు గాలికి అగ్గిపుల్ల ఎంతకీ నిలవలేదు. నాన్న పై పంచె అడ్డం పట్టుకుంటే ఆవిడ నాలుగో పుల్లతో వెలిగించింది. మా దగ్గర ఉన్న షష్టిపూర్తి ఫోటోలన్నిట్లోకీ ఆ ఒక్క ఫోటోయే ఇంట్లో గోడకి ఉంది.

కాబట్టి మీ ప్రణాళిక ఇలా పెట్టుకోండి. తిరుక్కడయూర్‌లో పూజ, భోజనాలు అయ్యాక నేరుగా తరంగంబాడి గదికి వెళ్లి పట్టుబట్టలు మార్చుకుని రెండు గంటలు పడుకోండి. నాలుగున్నరకి ద్వారం దగ్గర్నుంచి వీధుల నడక, చీకటి పడే వేళకి ఒడ్డున కూర్చోవడం. మర్నాడు సూర్యోదయం, గుడి, తర్వాత టిఫిన్ చేసి పదింటికి మ్యూజియం తెరవగానే కోట. పదకొండున్నరకి బయల్దేరితే తిరునల్లార్ ఇరవై కిలోమీటర్లే, అయితే మధ్యాహ్నం గుడి మూసే వేళ ముందే కనుక్కోండి. ఆలస్యమయ్యేట్టుంటే కారైకాల్‌లో భోజనం చేసి సాయంత్రం దర్శనానికి వెళ్లండి. పాత చోళుల రేవు పూంపుహార్ కూడా చూడాలా అని మీరు చివర్లో అడిగారు. పెద్దవాళ్లతో ఈసారికి వద్దు. అది ఉత్తరం వైపు ఇంకో ఇరవై కిలోమీటర్లు, మీరు వెళ్లేది దక్షిణానికి.

గది బుక్ చేసేటప్పుడు సముద్రం వైపు, కింది అంతస్తులో కావాలని అడగండి. ఆ బంగళాలో మెట్లు పాతకాలంవి, మీ నాన్నగారి మోకాళ్లకి కష్టం.